కాలనీకి రెండు ఎలక్ట్రిక్ కార్లు ఇస్తామంటున్నారు, మాకు లేనిదేమో రాత్రి బస్సు. సంతకం పెట్టాలా వద్దా?

రెండోషిఫ్ట్:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

మాది సిటీ చివర కట్టిన ఇళ్ల సముదాయం. పాత బస్తీ ఖాళీ చేయించి ఇక్కడికి పంపారు. ఇల్లు బాగానే ఉంది, నీళ్లు వస్తాయి, కానీ మా పనులన్నీ పాత చోటే ఉండిపోయాయి. మెయిన్ రోడ్డు దాకా ఇరవై ఐదు నిమిషాల నడక, మధ్యలో ఫ్లైఓవర్ కింద ఒక్క లైటు వెలగదు. మెయిన్ రోడ్డు మీద బస్సు ఉందండీ, లేదని అనను, కానీ ఎప్పుడొస్తుందో దానికే తెలియాలి. రాత్రి తొమ్మిదిన్నర దాటితే అదీ లేదు. నేను ఆస్పత్రిలో రెండో షిఫ్టు చేస్తాను, బయటపడేసరికి పది దాటుతుంది. నాలాంటి వాళ్లు మా బ్లాకులోనే బోలెడుమంది. నలుగురం కలిసి ఆటో మాట్లాడుకుంటాం, నలుగురిలో ఒకరికి సెలవైతే ఆ రోజు మిగతా ముగ్గురికీ బాదుడే.

ఇప్పుడు విషయం ఏంటంటే, పేద కాలనీలకి పొగ లేని రవాణా అని ఏదో పథకం పెట్టుకుని ఒక సంస్థ వాళ్లు వచ్చారు. మా పార్కింగ్‌లో రెండు ఎలక్ట్రిక్ కార్లు, ఒక ఛార్జింగ్ పాయింటు పెడతారట. యాప్‌లో బుక్ చేసుకోవాలి, గంటల లెక్కన అద్దె, ఆదాయం తక్కువున్న వాళ్లకి రాయితీ. అసోసియేషన్ సంతకం కావాలి, రెండు వారాలు గడువు ఇచ్చారు. మీటింగ్ పెడితే సగం మంది వచ్చేదాన్ని ఎందుకు కాదనాలి అంటారు, మిగతా సగం అసలు మనలో లైసెన్స్ ఎంతమందికి ఉంది అంటారు. కార్యదర్శిని నేనే కాబట్టి అందరూ నా మొహమే చూస్తున్నారు, ఒకటే టెన్షన్.

కార్లు వద్దంటే రేపు ఇంకేదీ ఇవ్వరేమో అని ఒక భయం. ఒప్పుకుంటే మీకు రవాణా ఇచ్చేశాం కదా అని బస్సు సంగతి మూలన పడేస్తారేమో అని ఇంకో భయం. ఇలాంటివి చూసినవాళ్లు, ఈ రంగంలో పని చేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఏం అడగాలి, ఎవరిని అడగాలి?


గంటకోసారి:

సంతకం మాట తర్వాత. ముందు ఒక నోటుబుక్కు తీసుకోండి. నేను కొన్నేళ్లు రవాణా సర్వేల్లో పని చేశాను, మనుషులు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎప్పుడు వెళ్తున్నారో రాసుకోవడమే నా ఉద్యోగం. ఆ అనుభవంతో చెప్తున్నా, బండి ముందే నిర్ణయించుకుని దానికి తగ్గ అవసరం తర్వాత వెతికితే డబ్బంతా వృథా. మీ దగ్గరికి వచ్చినవాళ్లు చేస్తున్నది అదే.

గడపగడపకీ వెళ్లి రాయండి: పనికి ఏ టైముకి బయల్దేరతారు, ఎన్ని బండ్లు మారతారు, ఎక్కడ ఎంతసేపు నిలబడతారు, తిరిగి ఎన్నింటికి వస్తారు. బండి లేక మానేసిన ప్రయాణాలు కూడా అడగండి, సర్వేల్లో చాలామంది ఇదొక్కటి మర్చిపోతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు, దూరమని మంచి ఉద్యోగం వదులుకున్నారు, అమ్మాయిని సాయంత్రం కోచింగ్‌కి పంపలేదు, ఇలాంటివి. జరిగిన ప్రయాణాలు మాత్రమే లెక్కపెడితే మీ కాలనీలో జనం పెద్దగా తిరగరు, బస్సు అక్కర్లేదు అని తేలుతుంది!

ఆడవాళ్ల ప్రయాణాలు విడిగా రాయండి. ఉద్యోగానికి వెళ్లొచ్చే మగాడిది ఒక గీత, అంతే. అదే ఒక తల్లిది చూడండి, పిల్లాణ్ణి బడిలో దింపి, పనికి పోయి, మధ్యలో మందులు తెచ్చి, వస్తూ సరుకులు మోసుకొచ్చే తిరుగుడు, అన్నీ చిన్న చిన్న ముక్కలు. ప్రతి ముక్కకీ కొత్త టికెట్ కొట్టే పద్ధతి ఉంటే ఆమె మీదే ఎక్కువ భారం పడుతుంది. స్పెయిన్‌కి చెందిన ఇనెస్ సాంచెజ్ దె మదరియాగా అనే ప్రొఫెసర్ ఇలాంటి ప్రయాణాలన్నిటినీ కలిపి ‘సంరక్షణ కోసం తిరిగే తిరుగుడు’ అని ఒక లెక్కలోకి తెచ్చారు. అంతకుముందు సర్వేల్లో ఇవి షాపింగు, విహారం, ఇతరములు అని తలో గడిలో చెదిరిపోయేవి.

ఇంకోటి, బస్టాపు దగ్గర్లో ఉంది కదా అని ఎవరైనా అంటే ఊరుకోకండి. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.2 అని ఒకటి ఉంది, 2030కల్లా అందరికీ అందుబాటు ధరలో సురక్షితమైన రవాణా అని. దాన్ని కొలవడానికి పెట్టుకున్న గీటురాయి, మామూలు బస్టాపైతే 500 మీటర్లలోపు, మెట్రో లాంటిదైతే కిలోమీటరులోపు ఉందా అని. మీ ఇరవై ఐదు నిమిషాల నడక ఆ లెక్కకే అందదు. అందినా సరే, స్టాపు ఉండటం వేరు, బస్సు రావడం వేరు. గంటకో బస్సు ఉంటే, టైమ్‌టేబుల్ మీద నమ్మకం లేనివాడు సగటున అరగంట నిలబడతాడు. పది నిమిషాలకో బస్సైతే అయిదు నిమిషాలు. కిలోమీటర్లు మారలేదు, టికెట్ మారలేదు, రోజుకి రెండు పూటలా కలిపి యాభై నిమిషాలు మిగిలాయి.

ఇదంతా పెద్ద పెద్దవాళ్లే చేయాలని ఏం లేదు. నైరోబిలో మటాటూలని ప్రైవేటు వ్యాన్లు తిరుగుతాయి, ఊరంతా వాటి మీదే నడుస్తుంది, కానీ ఒకప్పుడు ఏ ఆఫీసులోనూ వాటి మ్యాపు ఉండేది కాదు. అక్కడి యూనివర్సిటీ విద్యార్థులు ఫోన్లు పట్టుకుని వ్యాన్లలో తిరిగి 130కి పైగా రూట్లు రాశారు, అమెరికా యూనివర్సిటీలు రెండు తోడయ్యాయి, 2014లో మ్యాపు బయటికొచ్చింది. ఫోను, ఓపిక ఉంటే చాలు.


డిపో మెకానిక్:

ముప్పై ఏళ్లు డీజిల్ బస్సుల కింద పడుకున్నవాణ్ణి, ఆఖరి నాలుగేళ్లు ఎలక్ట్రిక్ బస్సులు చూశాను. మీకు లోపలి సంగతి చెప్తాను.

మీ కాలనీకి రాత్రి బస్సు ఎందుకు లేదో తెలుసా? బస్సు లేక కాదండీ. రాత్రి తొమ్మిదిన్నరకి డిపోలో బస్సులు వరసగా నిలబడే ఉంటాయి. లేనిది డ్రైవరు డ్యూటీ. ఆ చివరి ట్రిప్పు మీ దగ్గర ముగిస్తే ఖాళీ బస్సుని డిపోకి వెనక్కి తోలాలి, దాన్ని మేం డెడ్ కిలోమీటర్లు అంటాం, పైసా రాబడి ఉండదు. అందుకని షెడ్యూలు వేసేవాడు కలం పట్టుకోగానే మొదట కొట్టేసేది ఊరి చివర కాలనీల ఆఖరి ట్రిప్పునే. దీనికి మందు కూడా పాతదే, నైట్ హాల్ట్. బస్సు రాత్రి మీ దగ్గరే ఆగి, పొద్దున మొదటి ట్రిప్పు అక్కడి నుంచే బయల్దేరుతుంది. డ్రైవరు పడుకోవడానికి ఒక గది, బాత్రూం, బస్సుకి కాపలా చూపించండి, సగం వాదన మీరు గెలిచినట్టే.

ఇక్కడే మీ కార్లవాళ్ల ఛార్జింగ్ పాయింటు గురించి ఆలోచించండి. కార్ల కోసం పెట్టే చిన్న కనెక్షన్ బస్సుకి పనికిరాదు, బస్సు బ్యాటరీ ముందు అది ఏ మూలకీ రాదు. కానీ ట్రాన్స్‌ఫార్మరు వేస్తూ కేబుల్ తవ్వుతున్నప్పుడే పెద్ద సామర్థ్యానికి వేయించుకుంటే రేపు రాత్రి ఆగే ఎలక్ట్రిక్ బస్సు అక్కడే ఛార్జ్ అవుతుంది. తవ్వడం ఒకసారే ఖర్చు. ఇది సంతకానికి ముందు అడగాల్సిన మాట, తర్వాత ఎవరూ వినరు.

ఎలక్ట్రిక్ బస్సు మంచిదే. సిటీలో అడుగడుక్కీ ఆగే బండికి అది డీజిల్ కంటే చాలా నయం, బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు వెనక్కి బ్యాటరీలోకి పోతుంది, ఆగి ఉన్నప్పుడు ఇంజను ఊరికే కాలదు, ఆయిలు, ఫిల్టర్లు, గేర్‌బాక్సు గొడవ లేదు. కొనేటప్పుడు ఖరీదు, నడిపేటప్పుడు చవక. చైనాలో షెంజెన్ 2017 చివరికల్లా తన 16,000కి పైగా బస్సుల్ని మొత్తం ఎలక్ట్రిక్ చేసేసింది, కాబట్టి కుదరదు అనేవాళ్ల మాట నమ్మకండి. కానీ అక్కడ ఛార్జింగ్ స్థలాలు, కరెంటు, సబ్సిడీ అన్నీ కలిపి చూసుకున్నారు. కొన్నిచోట్ల మాత్రం ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, కొత్త బస్సులు తెచ్చి డ్రైవర్లని తగ్గిస్తారు. పొగ రాని బస్సు గంటకోసారి వస్తే మీకు ఒరిగేదేంటి.

ఇంకో మాట, దీని మీద నాకు కోపం. కొత్త బస్సులు వచ్చినప్పుడల్లా మొదట ఎయిర్‌పోర్టు రూటుకి, ఆఫీసుల రూటుకి వేస్తారు. అక్కడ తిరిగి అలిసిపోయిన పాత పొగ బస్సుల్ని మీలాంటి కాలనీలకి తోస్తారు. మేమే తోశాం, అబద్ధం ఎందుకు. డీజిల్ పొగని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే మనుషులకి కచ్చితంగా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది, మరి ఆ పొగ ఎవరు ఎక్కువ పీలుస్తున్నారు? న్యూయార్క్‌లో మాన్‌హాటన్ ప్రాంతంలోని హార్లెమ్ అనే పేటవాళ్లు ఇదే అడిగారు, మాన్‌హాటన్ బస్సు డిపోల్లో ఎక్కువ భాగం తమ నెత్తినే పెట్టారని 1988 నుంచీ సంఘం కట్టి కొట్లాడారు. ఎలక్ట్రిక్ బస్సులు ఎన్ని కొంటున్నారు అని అడిగితే పేపర్లో వేసిన అంకె చెప్తారు. మొదటి బస్సులు ఏ రూటుకి, ఏ డిపోకి అని అడగండి.


లెక్కతేలాలి:

నేను కాస్త చేదుగా మాట్లాడతాను, ఏమనుకోకండి. ఆ కార్ల పథకంలో నాకు కనిపించేది చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం. పేద కాలనీ అని మీ పేరు చూపిస్తే వాళ్లకి గ్రాంటు వస్తుంది, ప్రారంభోత్సవానికి ఫొటోలు వస్తాయి. గ్రాంటు అయిపోయాక?

ప్యారిస్ లాంటి ఊళ్లో, అంత జనం, అంత డబ్బు ఉన్నచోట, ఆటోలిబ్ అని ఎలక్ట్రిక్ కార్ల షేరింగ్ 2011 డిసెంబరులో పెట్టారు. వేల కార్లు. నష్టాలు ఎవరు భరించాలో తేలక 2018 జులైలో మూసేశారు. అక్కడ పేదల కోసం అని కూడా కాదు, అందరికీ. మరి రెండు కార్లతో రాయితీ మీద నడిచేది సొంత కాళ్ల మీద నిలబడుతుందని ఎవరైనా చెప్తే కాగితం మీద లెక్క చూపించమనండి. ఇన్సూరెన్స్ ఎవరిది, గీత పడితే ఎవరు కట్టాలి, డిపాజిట్ ఉందా, బ్యాంకు కార్డు లేనివాడి సంగతేంటి, ఛార్జ్ చేయకుండా వదిలేసి పోతే తర్వాతి మనిషి ఏం చేయాలి. నా అంచనా ఏంటంటే ఆరు నెలల తర్వాత ఆ కార్లు వాడేది లైసెన్సూ కార్డూ ఉన్న అయిదారు కుటుంబాలే, వాళ్లకి మీకంటే కాస్త మెరుగైన ఉద్యోగాలు ఉండి ఉంటాయి.

టికెట్లు మొత్తం ఉచితం చేయమని అడగండి అని ఎవరో ఒకరు ఇక్కడికి వచ్చి చెప్తారు, అందుకని ముందే చెప్తున్నా. ఎస్తోనియా రాజధాని టాలిన్‌లో 2013 నుంచి ఊళ్లో నమోదైన వాళ్లకి బస్సులు, ట్రాములు ఉచితం. పేదవాళ్లకి ఎంత మేలు జరిగిందో సరిగ్గా తేలలేదు, పైగా కార్లు దిగి బస్సెక్కినవాళ్ల కంటే నడక మానేసి ఎక్కినవాళ్లు బాగా కనిపించారు. లక్సెంబర్గ్ 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశమంతా ఉచితం చేసింది, రైల్లో ఫస్ట్ క్లాసు తప్ప. వాళ్ల ఖజానా వేరు. రాని బస్సుకి టికెట్ ఉచితమైతే మీకేం లాభం?


చిల్లరలేదు:

లెక్కతేలాలి గారూ, మీరు అన్నదాంట్లో సగం ఒప్పుకుంటా. డంకర్క్ మాట మర్చిపోయారు. ఫ్రాన్స్‌లోనే, 2018లో, టికెట్లు ఉచితం చేస్తూనే రూట్లన్నీ మళ్లీ గీసి బస్సుల సంఖ్య పెంచారు, జనం విపరీతంగా ఎక్కారు. రెండూ కలిపి చేశారు కాబట్టి పని చేసింది. ఉచితమా, ఎక్కువ బస్సులా అని ఒక్కటే ఎంచుకోమంటే నేను కూడా బస్సులే ఎంచుకుంటా, కానీ ఎంచుకోమనే వాళ్లని కూడా ఒకసారి నిలదీయాలి.

అయితే నేను చెప్పాలనుకున్నది వేరే. పేదవాడికి ప్రయాణం ఎక్కువ ఖరీదు కావడానికి ఒక తిక్క కారణం ఉంది. నెల పాస్ చవక, కానీ నెల మొదట్లో ఒకేసారి అంత డబ్బు చేతిలో ఉండదు. అందుకని రోజూ విడి టికెట్ కొంటాడు, నెలాఖరుకి చూస్తే పాస్ కంటే ఎక్కువ కట్టేసి ఉంటాడు. ఉన్నవాడికి తగ్గింపు, లేనివాడికి పూర్తి ధర! దీనికి విరుగుడుగా లండన్‌లో 2005లో ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డు మీద రోజువారీ హద్దు పెట్టారు, ఒక మొత్తం దాటాక ఆ రోజు ఇంక ఎన్నిసార్లు ఎక్కినా డబ్బు కోయరు. న్యూయార్క్‌లో 2022 నుంచి వారంలో 12 ట్రిప్పులకి కడితే మిగతావి ఉచితం. ముందు డబ్బు కట్టక్కర్లేదు, పాస్ లాభం దానంతట అదే వస్తుంది. మీ బస్సులవాళ్లని ఇది అడగండి, వాళ్లకి కొత్త బండి కొనే పని కూడా లేదు.

యాప్ మాత్రమే అంటే ఒప్పుకోకండి. మా అమ్మకి ఫోనుంది, అందులో బ్యాలెన్సు ఉండదు. ఫిలడెల్ఫియాలో 2015లో ఇండిగో అని సైకిళ్ల షేరింగ్ మొదలుపెట్టినప్పుడే బ్యాంకు కార్డు లేనివాళ్లు నగదు కట్టి చేరే ఏర్పాటు పెట్టారు. అంటే మొదటి రోజు నుంచీ చేయొచ్చు, తర్వాత చూద్దాం అనేది కుంటిసాకు.


కొండమీదిల్లు:

నాకు కార్లూ బస్సులూ పెద్దగా తెలియవు, కొండ మీద పుట్టాను కాబట్టి ఇది మాత్రం చెప్పగలను. కొలంబియాలో మెడెయిన్ అనే ఊళ్లో కొండల మీద ఇరుకిరుకు ఇళ్లు, బస్సు పైకి ఎక్కదు. 2004లో రోప్‌వే వేశారు, టూరిస్టుల కోసం కాదు, జనం పనికి వెళ్లడానికి. అందరూ ఆ గాల్లో తేలే పెట్టెల ఫొటోలే పెడతారు. అసలు కిటుకు ఏంటంటే దాన్ని మెట్రో స్టేషన్‌కి కలిపారు, ఒకే టికెట్ మీద దిగి రైలెక్కొచ్చు. అది లేకపోతే రెండు టికెట్లు కొనలేక పాత మెట్ల దారే దిగేవాళ్లు. బొలీవియాలో లా పాజ్‌కీ, దాని పైన 4,000 మీటర్లకి పైగా ఎత్తున ఉన్న ఎల్ ఆల్టోకీ మధ్య కూడా 2014 నుంచి కరెంటు రోప్‌వేలే నడుస్తున్నాయి.

మీది చదును నేలే అనుకుంటా, కాబట్టి మీకు కావలసింది మెయిన్ రోడ్డు దాకా ఒక చిన్న బండి, ఆ టికెట్ పెద్ద బస్సులో కూడా చెల్లడం. ఆ ఫ్లైఓవర్ కింద లైట్లు కూడా. లైట్లు రవాణా ఖాతాలోకి రావు అంటారు, చీకట్లో నడిచేవాళ్లని అడిగితే తెలుస్తుంది వస్తాయో రావో.


మార్చేబ్యాటరీ:

పైన చెప్పిన చిన్న బండి గురించి రెండు ముక్కలు. బ్యాటరీ మూడు చక్రాల బండ్లు మీ కాలనీ కుర్రాళ్లే నడపొచ్చు, కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీవి కొనకండి, చవకగా వస్తాయి గానీ త్వరగా చచ్చిపోతాయి, పాత బ్యాటరీలు ఎవడో ఇంటి వెనకాల పగలగొట్టి సీసం కరిగిస్తాడు, ఆ విషం మళ్లీ మీ పిల్లల ఒంట్లోకే. లిథియం అయితే బ్యాటరీ సొంతానికి కొనకుండా మార్చుకునే పద్ధతి చూడండి. రువాండాలో కిగాలీలో మోటార్ సైకిల్ టాక్సీలవాళ్లు ఇలాగే చేస్తున్నారు, ఖాళీ అయినది ఇచ్చి నిండినది తీసుకుంటారు. బండి ఖరీదులో పెద్ద వాటా బ్యాటరీదే, అది తీసేస్తే అప్పు బాగా తగ్గుతుంది, ఛార్జింగ్‌కి గంటలు కూర్చోనక్కర్లేదు.

ఇళ్లలో, మెట్ల కింద మాత్రం ఛార్జ్ పెట్టనివ్వకండి, దయచేసి. నాసిరకం బ్యాటరీలతో మంటలు లేచి మనుషులు పోయాక న్యూయార్క్ 2023లో భద్రతా ధ్రువీకరణ లేని ఈ-బైకులు, బ్యాటరీలు అమ్మకూడదని చట్టం చేసింది. ఆరుబయట, గోడకి దూరంగా, ఒక షెడ్డు.


రెండోషిఫ్ట్:

అందరికీ చాలా థాంక్స్ అండి. రెండుసార్లు చదివాను, మీటింగ్‌లో కొన్ని పోస్టులు గట్టిగా చదివి వినిపించాను కూడా. డిపో మెకానిక్ గారి నైట్ హాల్ట్ మాటకి మా పెద్దాయన ఒకరు లేచి, మన కమ్యూనిటీ హాలు వెనక గది ఖాళీగానే ఉంది కదా అన్నారు, ఒక్కసారిగా గదంతా కదిలింది.

కానీ ఒక డౌటు. ఇదంతా రాసుకుని వెళ్తే వింటారా? కార్లు ఇచ్చేది ఒకరు, బస్సు నడిపేది ఇంకొకరు, లైట్లు మరొకరివి. పోయినసారి అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్తే ఇది మా పరిధిలోది కాదన్నారు, ఇంకో ఆఫీసుకి వెళ్లమన్నారు, అక్కడివాళ్లు మళ్లీ మొదటి దానికే పంపారు. ఈసారి కూడా అదే జరిగితే కాలనీ వాళ్లకి నా మీద నమ్మకం పోతుంది.


నిలబడేవాళ్లసంఘం:

వినరు, మొదటిసారి వినరు. అందుకే ఒక ఉదాహరణ చెప్తా, లాస్ ఏంజిలెస్ బస్సు ప్రయాణికులది. అక్కడ రవాణా సంస్థ రైలు మార్గాల మీద డబ్బు గుమ్మరిస్తూ, బస్సు పాస్ తీసేసి రేటు పెంచబోయింది. బస్సులో వెళ్లేవాళ్లలో ఎక్కువమంది పేదలు, నల్లవాళ్లు, లాటినోలు, కూర్చునే చోటు లేక గంటలు నిలబడేవాళ్లు. బస్ రైడర్స్ యూనియన్ అని సంఘం కట్టారు, బస్సుల్లోనే తిరుగుతూ సభ్యుల్ని చేర్చుకున్నారు, 1994లో పౌరహక్కుల చట్టం కింద కోర్టుకెక్కారు. 1996లో రాజీ ఒప్పందం కుదిరింది, పదేళ్లు నడిచింది. అందులో ఏముందో చూడండి: పాస్ ఉండాలి, కొత్త బస్సులు కొనాలి, ఒక బస్సులో ఎంతమంది దాకా నిలబడొచ్చో దానికో హద్దు. నిలబడేవాళ్ల లెక్క! సేవ మెరుగుపరుస్తాం అని రాసి ఉంటే ఎవరూ ఏమీ చేసేవాళ్లు కాదు, హద్దు అంకెల్లో రాశారు కాబట్టి ప్రతి ఏడూ లెక్కపెట్టి, పాటించలేదు అని మళ్లీ నిలదీయగలిగారు.

మీరు కూడా అర్జీలో రవాణా సౌకర్యం కల్పించవలెను అని రాయకండి. ఏ స్టాపు, ఎన్ని గంటలకి, వారంలో ఎన్ని రోజులు అని రాయండి. అర్జీ విడివిడిగా మూడు ఆఫీసులకి ఇచ్చి తిరగొద్దు. ఒకే కాగితం మీద ముగ్గురి పేర్లూ రాసి ముగ్గురికీ ఇవ్వండి, ఎవరి పని ఏదో దాని ఎదురుగానే ఉండాలి, అప్పుడు నాది కాదు అనడానికి వీలుండదు. ఇక కార్ల సంగతి, నా మటుకు నేనైతే వద్దనను. షరతులు పెట్టి తీసుకోండి. లెక్కతేలాలి గారి ప్రశ్నలన్నీ ఒప్పందంలో రాయించండి. ఒక కారుకి మీ కాలనీ డ్రైవర్‌ని జీతానికి పెట్టమని అడగండి, లైసెన్స్ లేనివాళ్లు కూడా ఎక్కొచ్చు, రాత్రి పదిన్నరకి ఆస్పత్రి దగ్గర నలుగుర్ని ఎక్కించుకోవచ్చు. ఒప్పుకోకపోతే వాళ్ల పథకం ఎవరి కోసమో మీకే తెలిసిపోతుంది.


రెండోషిఫ్ట్:

అప్‌డేట్. గడువు ఇంకో నెల పెంచమని అడిగాం, పెంచారు, అడిగితే పెంచుతారని మాకు తెలియదు అంతే.

నోటుబుక్కు పని మొదలైంది. డిగ్రీ చదివే అమ్మాయిలు ముగ్గురు తిరుగుతున్నారు. నేను అనుకున్నది ఒకటి, తేలింది ఇంకోటి. రాత్రి బస్సే పెద్ద సమస్య అనుకున్నా, ఎందుకంటే అది నా సమస్య. తీరా చూస్తే పొద్దున నాలుగున్నర, అయిదు మధ్య బయల్దేరే ఆడవాళ్లు మా షిఫ్టువాళ్ల కంటే ఎక్కువ, ఆఫీసులు తెరవకముందే ఊడ్చి తుడిచే పనికి వెళ్తారు, చీకట్లో గుంపుగా ఆ ఫ్లైఓవర్ కింద నుంచే నడుస్తారు. వాళ్లు మీటింగులకి రారు, ఆ టైముకి నిద్రపోతారు కాబట్టి. నాలుగేళ్లుగా పక్క బ్లాకులో ఉంటున్నారు, నాకు తెలియనే తెలియదు. నైట్ హాల్ట్ బస్సు పెడితే రాత్రి మాకు, పొద్దున వాళ్లకి, అదే బస్సు.

కార్లవాళ్లు డ్రైవర్ జీతానికి వీలు కాదన్నారు, తర్వాత పైవాళ్లని అడిగి చెప్తామన్నారు. కేబుల్ పెద్దది వేయడానికి మాత్రం ఒప్పుకున్నారు, కాగితం మీద ఇంకా రాలేదు, వచ్చేదాకా సంతకం లేదు. బస్సులవాళ్ల బహిరంగ సమావేశం వచ్చే నెల ఉంది. ఇలాంటిదానికి ఎవరైనా వెళ్లి ఉంటే చెప్పండి, మాట్లాడటానికి ఎంత టైం ఇస్తారు?


నిలబడేవాళ్లసంఘం:

నేను వెళ్లినచోట మూడు నిమిషాలు ఇచ్చారు, మైకు సర్దేసరికి అందులో అర నిమిషం పోయింది. మీరు మాట్లాడకండి, ఆ పొద్దున అయిదింటి వాళ్లలో ఒకరిని మాట్లాడించండి. సమావేశం మధ్యాహ్నం పెట్టించండి, లేకపోతే ఆవిడ రాలేరు.